కన్నీళ్లమ్మ చెప్పిన పురిటి కథ

ఆమెకు పెద్దవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దానితో ఎవరికీ పెద్దగా పని పడదు. డబ్బింగ్ గదిలో అందరూ ఆమెను కన్నీళ్లమ్మ అంటారు. పరాయి భాషల నుంచి వచ్చే సీరియళ్లలో ఏ తల్లి ఏడ్చినా, మన చెవుల్లో పడే ఏడుపు ఈమెదే. కొడుకు ఇల్లు వదిలి వెళ్తే ఏడ్చే తల్లి, వాడు తిరిగొస్తే ఏడ్చే తల్లి, కోడలు కాఫీ ఇస్తే ఏడ్చే తల్లి, ఇవ్వకపోతే ఇంకా గట్టిగా ఏడ్చే తల్లి. పాతికేళ్లుగా ఇదే ఉద్యోగం. ఇంతమందికి ఇన్ని ఏడుపులు ఏడ్చి పెట్టిన మనిషి బయట చూస్తే గట్టి పిండం. బస్సులో కాలు తొక్కినవాడిని దిగేదాకా వదిలిపెట్టదు.

తెర మీది తల్లుల పద్ధతే వేరు. వాళ్లు కూర్చుని తినరు. వాళ్లకు స్నేహితురాళ్లు ఉండరు, పంటినొప్పి రాదు, ఎవరి మీదా విసుగు పుట్టదు. గుండెనొప్పి మాత్రం వస్తుంది, అదీ సరిగ్గా ఇంట్లో శుభకార్యం పెట్టుకున్న రోజునే. డైలాగుల కాగితాల మీద వాళ్లకు పేరు కూడా ఉండదు, అమ్మ ఒకటి, అమ్మ రెండు అని ఉంటుంది. నాన్నల బతుకు ఇంకా అన్యాయం. వాళ్లకు గొంతిచ్చే పెద్దాయనను దగ్గు మాస్టారు అంటారు, ఆయన పనిలో సగం దగ్గే మరి. "నీకేం తల్లీ, ఏడవడానికైనా మాటలిస్తారు. నేను దగ్గి దగ్గి గోడ మీద ఫొటో అయిపోతాను" అని ఆయన వాపోతుంటాడు.

డబ్బింగ్ గది చిన్నది. గోడలకు మెత్తటి స్పాంజి అంటించి ఉంటుంది. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని రికార్డింగ్ అప్పుడు దాన్ని ఆపేస్తారు. చెమటలు కారుతుండగా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కన్నీళ్లమ్మ తెర మీది ఆవిడ కళ్లు చూడదు, నోరు చూస్తుంది. ఆ పెదవులు విడీవిడగానే ఈమె ఊపిరి అందుకోవాలి. ముందు ఊపిరి, తర్వాత వణుకు, ఆ తర్వాతే మాట. కొత్తగా వచ్చిన పిల్లలు ముందే మాట అందుకుంటారు, అందుకే వాళ్ల ఏడుపు జలుబు చేసినట్టు ఉంటుందని ఈమె వెక్కిరిస్తుంది.

జనం మాత్రం గొంతునే నమ్ముతారు. వీధిలో మందుల దుకాణం అతను ఈమె గొంతు గుర్తుపట్టిన రోజు నుంచి మందులు ఇచ్చే ముందు ఒక్క డైలాగు చెప్పించుకుంటాడు. పక్క వాటాలో ఆవిడ పిల్లాడు తినకపోతే, "ఒక్కసారి మీ సీరియల్ అమ్మ గొంతుతో చెప్పండి, వింటాడు" అని గిన్నె పట్టుకుని వచ్చేస్తుంది. ఇంత మంచి అమ్మ కడుపున పుట్టిన కూతురు ఎంత అదృష్టవంతురాలో అని వీధి వీధంతా ఏకగ్రీవంగా తీర్మానించుకుంది.

ఆ అదృష్టం సంగతి ఆ పిల్లనే అడగాలి. కన్నీళ్లమ్మ ఇంటికొచ్చేసరికి గొంతులో తడి ఉండేది కాదు. మర్నాటి ఏడుపుల కోసం గొంతు దాచుకోవాలి కనక ఇంట్లో చప్పట్లతోనూ చేతి సైగలతోనూ కాలక్షేపం చేసేది. ఒక చప్పట్టంటే భోజనానికి రమ్మని, రెండంటే టీవీ కట్టెయ్యమని. వంట ఆమెకు చేతకాదు, చేతకాదని ఒప్పుకోవడానికి నామోషీ కూడా పడదు. 'అడగందే అమ్మైనా పెట్టదు' అనే సామెతను పుట్టించినవాడు ఈ ఇంటి ముందు నుంచి వెళ్తూ పుట్టించి ఉంటాడని ఆమె భర్త చాటుగా అంటుంటాడు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్. మాటకు మాట అనేరకం కాదు గనక చాటుగానే అంటాడు.

అయితే ఏడాదికి ఒక్కరోజు కన్నీళ్లమ్మ ఇంట్లో గొంతు విప్పేది. అది కూతురి పుట్టినరోజు. పిల్ల ఒళ్లో చేరి, "నేను పుట్టిన కథ చెప్పమ్మా" అనేది. ఈమె చెప్పేది: "ఆ రోజు బయట ఒకటే వాన. కిటికీ అద్దాల మీద ధారలు ధారలు. నర్సు నిన్ను తెచ్చి నా పక్కలో పెట్టింది. నిన్ను చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. అంతసేపు పడ్డ నొప్పులన్నీ మర్చిపోయాను. నీకోసమే పుట్టాను అనిపించింది." పిల్లకు ఆ కథ ఎంత ఇష్టమంటే, వాన దగ్గరికొచ్చేసరికి తనే అందుకుని చెప్పేది. పెళ్లయ్యాక కూడా పుట్టినరోజు నాడు ఫోన్ చేసి, "కథ చెప్పు" అనేది. మిగతా ఏడాది చప్పట్లన్నిటికీ అదే పరిహారం అనుకునేవాళ్లు ఇద్దరూ.

ఇప్పుడు ఆ కూతురికి కూతురు పుట్టింది.

కూతురి ఫ్లాటు రెండు వీధుల అవతలే. ఆమెది కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్షించే ఉద్యోగం, ప్రస్తుతం సెలవులో ఉంది. అల్లుడు పొద్దున్నే పనికి వెళ్లిపోతాడు. అందుకని కన్నీళ్లమ్మ డబ్బింగ్ ముగించుకుని మధ్యాహ్నాలు అక్కడికి వెళ్లేది. ఇల్లు అద్దంలా ఉండేది. సీసాలు కడిగి బోర్లించి ఉండేవి, పసిదాని బట్టలు మడతపెట్టి ఉండేవి. పాలకు ఏడిస్తే పాలు, తడిస్తే పొడి గుడ్డ, ఏదీ ఒక్క నిమిషం ఆలస్యం కాదు. కానీ ఇల్లంతా ఎక్కడో ఏదో లోటుగా ఉంది. అదేమిటో కన్నీళ్లమ్మకు చాలా రోజులు అంతుపట్టలేదు. శబ్దాలతో బతికే మనిషికి కూడా పసిగట్టడానికి అన్ని రోజులు పట్టిందంటే చూడండి. కూతురు పసిదానితో ఒక్క మాట మాట్లాడటం లేదు. ఎత్తుకుంటుంది, పడుకోబెడుతుంది, నోరు మాత్రం మెదపదు.

ఆ రోజు కూతురు మంచం మీద పసిదానికి బట్టలు మారుస్తోంది. పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. వెనకాల నిలబడ్డ కన్నీళ్లమ్మ కూతురి బిగించిన పెదవుల కేసి చూసింది. పాతికేళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఊపిరి దానంతటదే అందింది. "నా బంగారు కొండ కదూ... ఆకలేసిందా నా చిట్టితల్లికి... అమ్మ ఇక్కడే ఉందిగా..." కూతురి చేతులు కదిలే వేగానికి సరిగ్గా సరిపోయింది మాట. పసిది ఠక్కున ఏడుపాపి, తల్లిని దాటి, గొంతు వచ్చిన వైపు కళ్లు తిప్పింది.

కూతురి చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, నాకు డబ్బింగ్ చెప్పకు."

కన్నీళ్లమ్మ నాలుక్కరుచుకుంది. పసిదాన్ని ఉయ్యాల మంచంలో పడుకోబెట్టి వచ్చి, కూతురు గోడకు ఆనుకుని కూర్చుంది. ఎప్పుడూ నాలుగు మాటలకు మించి మాట్లాడని పిల్ల ఆ రోజు ఏకబిగిన చెప్పేసింది.

"నాకేమీ అనిపించట్లేదమ్మా. కోపం లేదు, అయిష్టమూ లేదు. పక్కింటివాళ్లెవరో ఊరెళ్తూ కాస్త చూస్తుండమని ఇచ్చిపోయినట్టుంది. చూస్తున్నాను. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారా అనిపిస్తుంది. మాట్లాడదామని నోరు తెరుస్తాను, బంగారం అనబోతే అబద్ధమాడుతున్నట్టు సిగ్గేస్తుంది. అందుకే ఊరుకుంటున్నా."

"డాక్టరమ్మకు చెప్పావా?"

"చెప్పాను. కొందరికి టైము పడుతుంది, బాగా దిగులుగా ఉంటే వెంటనే రమ్మంది. ఆవిడ అందరికీ అదే చెబుతుందేమో. నువ్వు నన్ను చూడగానే ఏడ్చేశావు కదా? నొప్పులు మర్చిపోయావు కదా? నాకెందుకు రాలేదు? నాలోనే ఏదో లోపముంది."

 కన్నీళ్లమ్మ నోట వచ్చిన మాట ఇది: "తల్లి మనసు సముద్రం లాంటిదమ్మా, పైకి కనపడకపోయినా లోతు..."

"ఇది నిన్నటి ఎపిసోడ్‌లోది" అంది కూతురు.

నిజమే, నిన్నటిదే. మరోటి వెతికింది. అది పోయిన నెలది. ఇంకోటి వెతికింది, అది ఎప్పటిదో గుర్తులేదు గానీ అదీ తనది కాదని మాత్రం తెలిసిపోయింది. ఇన్నేళ్లలో వేలకొద్దీ తల్లి మాటలు ఈ నోటి మీదుగా నడిచిపోయాయి. కన్న కూతురికి చెప్పడానికి సొంత మాట ఒక్కటి దొరక్క నీళ్లు నమిలి ఇంటికొచ్చింది.

మర్నాడు డబ్బింగ్ గదిలో, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, పురుడు సీనే తగిలింది. తెర మీద తల్లి మంచం మీద పడుకుని ఉంది. నర్సు బిడ్డను తెచ్చి పక్కలో పెడుతుంది. తల్లి ఆనందంతో ఏడవాలి. కన్నీళ్లమ్మకు ఇలాంటివి ఒక్క టేకు పని. ఆ రోజు ఊపిరి అందింది, వణుకూ వచ్చింది, కానీ అద్దం అవతల కూర్చున్న సౌండ్ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు.

"సంతోషం తగ్గిందమ్మగారూ."

మళ్లీ చెప్పింది. "ఇప్పుడు ఎక్కువైందండి. లాటరీ తగిలినట్టుంది."

మూడోసారి ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "బాబూ, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ ఏడ్చిందా?"

అబ్బాయి బిక్కమొహం వేశాడు. "ఏడ్చే ఉంటుందండి. అమ్మ కదా."

"ఆవిడ చెప్పిందా?"

"నేనడగలేదండి." హెడ్‌ఫోన్ మెడలోకి దించుకున్నాడు. "అసలు మా అమ్మ ఏడవడం నేనెప్పుడూ చూడలేదండి. తిడుతుంది. ఎక్కువగా తిడుతుందండి."

మూల కుర్చీలో తన దగ్గు కోసం ఎదురుచూస్తున్న మాస్టారు కల్పించుకున్నాడు. "ఇవాళేమైంది నీకు? ఈ సీను నీకు కొట్టినపిండి. నీ మొదటి సీరియల్లోనూ ఇదే కదా. ఇలాగే వాన, ఇలాగే కిటికీ. నువ్వప్పుడు కొత్త, మైకు ముందు నిజంగానే ఏడ్చేశావు. గుమ్మం బయట దగ్గాల్సినవాణ్ని, నేను దగ్గడం మర్చిపోయాను."

కన్నీళ్లమ్మ తెర వంక చూసింది. కిటికీ అద్దం మీద ధారలు ధారలుగా వాన. ఆమె మొదటి సీరియల్ చెప్పేనాటికి కూతురికి మూడేళ్లు. అంటే ముందు పురుడు, తర్వాత సీను. మరి వాన ముందా, తర్వాతా? తన పురిటి గదికి కిటికీ ఎటువైపు ఉండేది? ఎంత తన్నుకున్నా ఆ గదిలో కిటికీ కనపడలేదు.

సీను రేపటికి వాయిదా వేయించుకుని ఇంటికి వెళ్లింది. భర్త వరండాలో పాత కంప్రెసర్ ఒకటి విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏవండీ, అమ్మాయి పుట్టిన రోజు వాన పడింది కదూ?"

"వానా?" ఆయన తలెత్తాడు. "ఆ నెలంతా ఒకటే ఎండ, చుక్క పడితే ఒట్టు. వీధిలో సగం ఫ్రిజ్‌లు పాడయ్యాయి. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంటే కూడా జనం వెతుక్కుంటూ వచ్చారు నాకోసం."

"మరి దాన్ని చూడగానే నేను ఏడ్చానా?"

ఆయన చేతిలో పానా పక్కన పెట్టాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టున్నాడు. "నువ్వు నిద్రపోయావు. నర్సు లేపి పాపను చూపిస్తే ఒక కన్ను తెరిచి, 'సరే, అక్కడ పెట్టండి' అన్నావు. మళ్లీ పడుకున్నావు. రెండు రోజుల నొప్పులతో అలిసిపోయి ఉన్నావు, అందులో తప్పేముంది?"

"మరి ఇన్నేళ్లూ నేను వాన కథ చెబుతుంటే మీరెందుకు ఊరుకున్నారు?"

"పిల్లకు అంతిష్టంగా ఉంది కదా. పైగా నువ్వు చెబుతుంటే నాకూ పడిందేమో అనిపించేది."

ఇక చూడండి ఆమె అవస్థ. మొగుడు మతిమరుపు మనిషి, కూరగాయలకు పంపితే సబ్బు తెస్తాడు, ఆయన మాట ఎలా నమ్మడం? కానీ ఎండ అనగానే ఏదో కదిలింది. ఎండిపోయిన పెదవులు, దాహం, గరుకు దుప్పటి, ఎవరో భుజం పట్టి కుదపడం, వాళ్ల మీద పుట్టిన మంట. అది నిజమా, లేక మొగుడు చెప్పాడని ఇప్పుడు కల్పించుకుంటోందా? వాన నిజమని పాతికేళ్లు నమ్మిన బుర్రే కదా ఇది. ఏ గుర్తు తన కడుపుదో, ఏది కాగితం మీదిదో, తల పట్టుకు కూర్చున్నా తేలలేదు. ఇంకో దిగులు దానికి తోడైంది. ఉన్నది చెబితే, కూతురికి తను ఇచ్చిన ఒక్క మంచి కథా పోతుంది, దాని స్థానంలో 'అక్కడ పెట్టండి' మిగులుతుంది. చెప్పకపోతే, లేని వానను చూసి ఆ పిల్ల తనలో లోపం వెతుక్కుంటూనే ఉంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు మధ్యాహ్నం కూతురి ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో మనసులో చెప్పుకుంటూ వెళ్లింది గానీ, ఏది మొదలుపెట్టినా ఎవరో రాసిచ్చినట్టే ఉంది. కూతురు పసిదాన్ని పక్కలో వేసుకుని పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. కన్నీళ్లమ్మ చెప్పులు విడిచి, నిలబడే చెప్పేసింది.

"నువ్వు పుట్టిన రోజు వాన పడలేదే."

కూతురు తల తిప్పింది.

"నేను ఏడవనూ లేదు. పడుకున్నాను. లేపి నిన్ను చూపిస్తే, అక్కడ పెట్టండి అన్నానట. మీ నాన్న చెప్పారు. నేను చెప్పిన కథ నా మొదటి సీరియల్లోది. అబద్ధమని తెలిసి చెప్పలేదు, నా మీద ఒట్టు. నిన్నటిదాకా నాకూ తెలీదు."

"అక్కడ పెట్టండి అన్నావా? నన్ను?"

"అన్నానట."

"మరి నేనంటే... ఎప్పటి నుంచి?"

ఇక్కడే తెర మీది తల్లయితే ఒక మాట చెప్పేది. కన్నీళ్లమ్మకు ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా. మింగేసింది.

"తెలీదు. నీళ్లు పోశాను, పాలు పట్టాను, నువ్వు రాత్రిళ్లు నిద్రపోనివ్వకపోతే విసుక్కున్నాను, ఒకసారి గట్టిగా అరిచాను కూడా. ఎప్పుడో చూసుకునేసరికి నువ్వు నాదానివైపోయి ఉన్నావు. ఏ రోజున అయ్యావో గుర్తులేదు. గుర్తుందంటే అదీ అబద్ధమే అవుతుంది. నీకూ అలాగే అవుతుందని చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు జరిగింది చెప్పానంతే."

 కూతురు గోడ వైపు తిరిగి పడుకుంది. "కాసేపు అవతలికెళ్లమ్మా" అంది.

కన్నీళ్లమ్మ వంటింట్లోకి వెళ్లింది. కొరివితో తల గోక్కున్నానని అర్థమైంది. నీ నోరు పడిపోను, ఉన్న ఒక్క కథా చెరిపేశావు కదే అని తనను తాను తిట్టుకుంది. కడిగి బోర్లించిన సీసాలను మళ్లీ తీసి కడగడం మొదలుపెట్టింది. వెళ్లి కాళ్లు పట్టుకుందామా, ఇప్పుడు చెప్పిందే అబద్ధమని చెప్పేద్దామా, అసలు ఏది అబద్ధమని చెప్పాలి, ఏమీ పాలుపోలేదు. కళ్లు మండుతున్నాయి గానీ ఏడుపు రావడం లేదు.

లోపల పసిది కూని రాగం తీసింది. ఆ తర్వాత ఎవరిదో గొంతు వినపడింది. బొంగురుగా, తడబడుతూ, అద్దాల దుకాణంలో కింది వరస అక్షరాలు చదవమన్నట్టు, ఏ ముద్దూ మురిపెం లేని గొంతు.

"విన్నావా? నేను పుడితే మీ అమ్మమ్మ నిద్రపోయిందట. అక్కడ పెట్టండి అందట, నన్ను."

కన్నీళ్లమ్మ కొళాయి కట్టేసింది.

"ఏంటలా చూస్తావ్? నిజమే. మరి నువ్వు పుట్టినప్పుడు ఏమైందో చెప్పనా? పెద్దగా ఏమీ కాలేదు. కాస్త మబ్బుగా ఉంది. మీ నాన్న బండి తాళాలు ఎక్కడో పోగొట్టుకుని అందరినీ అడుగుతున్నాడు. నిన్ను చూపించారు. మొహమంతా ఎర్రగా, ముడతలు ముడతలుగా ఉన్నావు. ఎవరబ్బా ఇది అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. నువ్వూ నన్ను చూసి అదే అనుకుంటున్నావేమో..."

కన్నీళ్లమ్మ తడిచేతులతోనే తలుపు దాకా వెళ్లింది. లోపలికి అడుగు పెట్టలేదు. కూతురు పసిదానికి ఆ కథ చెబుతున్నంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఊపిరి చప్పుడు కూడా వినపడకుండా అక్కడే నిలబడింది.